ఉక్కులో పగుళ్లు పసిగట్టిన యంత్రం

1955 జులైలో గ్లాస్గో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన కణితులనూ నీటితిత్తులనూ కారు డిక్కీలో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాయిలర్ల కర్మాగారానికి వెళ్లాడు. లోహపు అతుకుల్లో పగుళ్లు పసిగట్టే అల్ట్రాసౌండ్ పరికరం అక్కడుంది. పోల్చి చూడటానికి గొడ్డుమాంసం ముక్క కూడా తెప్పించారు. తిత్తి ఒకలా, కణితి ఇంకోలా ప్రతిధ్వనించాయి. యుద్ధకాలంలో వైమానిక దళంలో రాడార్, సోనార్ సంగతులు తెలుసుకున్న డొనాల్డ్‌కు ఆ తేడా చాలు.

టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజినీరు దాన్ని మనుషులకు పనికొచ్చేలా మలిచాడు. కడుపులో నయంకాని కేన్సర్ అనుకున్న ఒకామెకు ఉన్నది అండాశయపు తిత్తేనని ఆ యంత్రమే చూపింది. తీసేశారు, ఆమె బతికింది. 1958లో లాన్సెట్‌లో అచ్చయిన వ్యాసంలో గర్భస్థ శిశువు ప్రతిధ్వనులూ ఉన్నాయి.

పొట్టమీద ఆనించే ప్రోబ్‌లోని స్ఫటికాలు సెకనుకు లక్షలసార్లు కంపిస్తాయి. ఆ శబ్దం ఒంట్లో సెకనుకు దాదాపు 1,540 మీటర్లు పోతుంది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసి లోతు లెక్కకడతారు. బొమ్మంతా ఆ లెక్కే.

1992లో లండన్‌లో కిప్రోస్ నికొలాయిడిస్ బృందం ఈ బొమ్మలో ఒక చిన్న చోటును పట్టుకుంది. 11 నుంచి 14 వారాల మధ్య పిండం మెడ వెనక, చర్మం కింద చేరే నీటిపొర అది. మందం పెరిగితే డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోముల లోపాలకూ, గుండె లోపాలకూ అవకాశం ఎక్కువ. కొలత మిల్లీమీటరులో పదో వంతు దాకా తీయాలి. బిడ్డ తల వెనక్కి వాల్చినా అంకె పెరిగిపోతుంది. అందుకే సరైన భంగిమ కోసం ఎంతసేపైనా ఓపిక పట్టే డాక్టరంటే నాకు గౌరవం.

ఆడా మగా అన్నదీ ఇంచుమించు ఆ వారాల్లోనే తెరమీద తెలియడం మొదలవుతుంది. మన దేశంలో ఆ చూపు ఆడపిల్లల ప్రాణం తీసింది. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 945 మంది ఉన్న ఆడపిల్లలు 2001కి 927కు తగ్గారు. 1994 నాటి చట్టం లింగం చెప్పడాన్ని నేరం చేసింది, క్రోమోజోముల లోపాలు వెతకడాన్ని షరతులతో అనుమతించింది. ఆ గీత సరైన చోటే గీశారు.

స్కాన్‌లో క్రోమోజోములు కనిపించవు. మెడ వెనక నీటిపొర కొలతకు తల్లి వయసు, రక్తంలోని రెండు ప్రోటీన్లు కలిపి లెక్కిస్తే వందలో తొంభై డౌన్ సిండ్రోమ్ గర్భాలు అనుమానం కిందికి వస్తాయి. వాటితోపాటు మామూలు గర్భాల్లోనూ నూటికి అయిదు. ‘హై రిస్క్’ అని రిపోర్టు వచ్చినవారిలో ఎక్కువమంది బిడ్డలకు ఆ లోపమే ఉండదు. ఈ మాట రిపోర్టు చేతికిచ్చేటప్పుడే తల్లికి చెప్పాలి. తేల్చేది మాయ ముక్కో, ఉమ్మనీరో తీసి చేసే పరీక్షే. దానివల్ల గర్భస్రావం ప్రమాదం కొద్దిగా ఉంటుంది కాబట్టి, చేయించుకోవాలో వద్దో ఆ తల్లే నిర్ణయించుకోవాలి.