ఇంటిలో కూర్చుకొను కంప్యూటరు

కంప్యూటరు కొనుట యనగా అంగడిలో నొక పెట్టెకు వెల యిచ్చి యింటికి దెచ్చుకొనుటయే యని మేమును చాలకాల మనుకొంటిమి. అట్లు గాక, దాని భాగములను వేర్వేఱుగా కొని భోజనపు బల్లమీదనే కూర్చుకొనవచ్చుననియు, అందువలన మన పనికి దగినట్లు యంత్ర మమరుననియు మా చిన్నవాడు చెప్పినప్పుడు మాకు నమ్మకము కలుగలేదు. వానికి కావలసినవి ఆటలు. మా అత్తగారికి కావలసినవి హాలులోని పెద్ద టెలివిజనుపై పాత చలనచిత్రములు. మాకు కావలసినది, పదునైదేండ్లుగా నాలుగైదు చోట్ల చెదరియున్న ఫొటోలును పెండ్లి వీడియోలును ఒక్కచోట చేరుట. ఈ మూడు పనులను ఒక్క యంత్రమే చేయగలదు. కాని చీటీ పాడగా చేతికి వచ్చిన సొమ్ము 45,000 రూపాయలు. ఆటలకు ప్రాణమైన గ్రాఫిక్స్ కార్డునకే 28,000 రూపాయల వఱకు కావలసి యుండెను. ఇది 2024వ సంవత్సరము వేసవి మాట.

కార్డు తప్ప తక్కిన భాగములన్నియు ముందు కొని, కార్డును తరువాతి చీటీకి వాయిదా వేయుదమని నిశ్చయించితిమి. అంతవఱకు బాగుగనే యున్నది. ఏ భాగము కొనవలెనను సంగతి మాత్రము పిల్లవానికిని అంగడివానికిని విడిచిపెట్టితిమి. సోదరీమణులలో పెక్కుమంది చేయుచున్న పనియు నిదియే. దానివలన మాకు గలిగిన చిక్కును ముందుగా చెప్పెదము.

యంత్రమునకు బుద్ధివంటిది ప్రాసెసరు. మేము కొనదలచినది ఇంటెల్ వారు 2022లో వెలువరించిన ఐ5-12400. ఇదే రకమునకు చివర ‘ఎఫ్’ అను ఆంగ్లాక్షరము చేర్చి మఱియొకటి యమ్ముదురు. దాని వెల రెండు మూడు వేలు తక్కువ. “రెండును ఒక్కటే యమ్మా, పని యొక్కటే, ఎఫ్ తీసికొండు, సొమ్ము మిగులును” అని ఒక అంగడివాడు చెప్పెను. మిగులు అన్నమాట చెవిని బడగానే మేమును తల యూపితిమి. ఆ సాయంకాలము యంత్రము కూర్చుట పూర్తియైనది. మీట నొక్కగా దీపము వెలిగినది, పంకాలు తిరిగినవి. టెలివిజనుపై మాత్రము బొమ్మ లేదు. అత్తగారు దీపారాధన ముగించుకొని వచ్చి కుర్చీలో కూర్చుండి యెదురుచూచుచుండిరి. రాత్రి పదకొండు గంటలవఱకు తీగలు పీకి మఱల పెట్టితిమి. పిల్లవాడు కన్నీళ్లు పెట్టుకొనెను. ఏదియో తానే చెఱచితి ననుకొనెను, పాపము.

చెడిపోయిన దేదియు లేదు. ఎఫ్ అను అక్షరమునకు, ఈ ప్రాసెసరులో బొమ్మను చూపు భాగము లేదని యర్థము. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారి కది కొఱత గాదు. కార్డు లేనివారికి తెరపై చీకటియే. ఏ.ఎం.డి. వారి సరకులో గుర్తు వేఱుగా నుండును. పాత ఏఎం4 రకములో ‘జి’ అక్షరమున్న వానికి మాత్రమే బొమ్మ చూపు శక్తి గలదు: 5600 అనుదానిలో లేదు, 5600జి అనుదానిలో కలదు. 2022లో వచ్చిన ఏఎం5 రకములో నది చాలవాటి కున్నది, ఎఫ్ అని యున్నవానికి లేదు. పెట్టెపై నున్న యీ యొక్క అక్షరమును చదువుట కేమంత విద్య కావలెను? పప్పులో బెడ్డ లేరు మన కన్నులు చాలును. కాని చూడవలెనని తెలియవలెను గదా.

మఱునాడు పోగా, ముద్ర విప్పిన సరకు తిరిగి పుచ్చుకొనమని ఆ అంగడివాడు చెప్పెను. కార్డు లేదని మేము ముందే చెప్పియుంటిమని యెంత వాదించినను ఫలము లేకపోయెను. తుదకు మా పైవాటాలోని వదినగారితో ఈ కష్టము చెప్పుకొనగా, వారి యబ్బాయి యంత్రములో ఎఫ్ లేని 12400 యున్నదనియు, అతనికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కూడ నున్నందున ప్రాసెసరులోని బొమ్మ భాగము వృథాగా బడియున్నదనియు తెలిసినది. 1,500 రూపాయలు పైన నిచ్చి రెండింటిని మార్చుకొంటిమి. బిల్లులు కూడ మార్చుకొంటిమి, పూచీ దానినిబట్టి యుండును గనుక. ప్రాసెసరు తీసి మఱల పెట్టునప్పుడు దానిమీది పాత లేపనమును తుడిచి, వేడిని చేరవేయు క్రొత్త లేపనమును రాయవలెను. అత్తగారి చిత్రము మూడవనాటి రాత్రి ప్రారంభమైనది.

ఇక భాగముల నెన్నుకొనునప్పుడు దేనితో మొదలిడవలెను? పిల్లలు కార్డుతో మొదలిడుదురు. మేము తెరతో మొదలిడవలె నందుము. మా టెలివిజను 4కె రకము. అనగా దానిపై అడ్డముగా 3840, నిలువుగా 2160 చుక్కలు, మొత్తము 82,94,400. సామాన్యముగా ఆటలాడు 1080 రకపు తెరపై 20,73,600 మాత్రమే. నాలుగురెట్లు చుక్కలను క్షణమునకు అఱువదిమాఱులు చిత్రింపవలెనన్న దానికి దగిన కార్డు లక్ష రూపాయల దరిదాపులకు పోవును. చలనచిత్రము మాట వేఱు. అది ముందే చిత్రింపబడి యున్నది, విప్పి చూపుటయే పని, ప్రాసెసరులోని చిన్న భాగమే దానికి చాలును. కావున చిత్రములు 4కెలోను, ఆటలు 1080లోను అని యింటిలో నొడంబడిక చేసికొంటిమి. పది యడుగుల దూరమున సోఫాపై కూర్చుండి యాడువానికి తేడా యంతగా తెలియదు. ఈ యొక్క నిర్ణయమువలననే 2023లో వచ్చిన ఎన్విడియా వారి 4060 కార్డు మాకు చాలునని తేలినది. టెలివిజనులో ‘గేమ్ మోడ్’ అను ఏర్పాటు నుపయోగింపనిచో మీట నొక్కిన తరువాత బొమ్మ కదలుట కాలస్యమగును. దానికి కార్డును నిందింప బనిలేదు.

మా చిన్నవాడు వ్రాసిన పట్టికలో పవర్ సప్లైకి 1,500 రూపాయలు కేటాయింపబడి యుండెను. ఎవరికిని కనబడని భాగమునకు తక్కువ సొమ్ము పెట్టుట మన యిండ్లలో వాడుకయే. దీనిని మేము గట్టిగా కాదంటిమి. గోడలోని 230 వోల్టుల కరెంటును పుచ్చుకొని, దానిని 12 వోల్టులు, 5 వోల్టులు మొదలైన చిన్న మోతాదులుగా జేసి భాగములన్నిటికి వడ్డించున దిది. ఇది చెడినప్పుడు తానొక్కటియే చెడునని నమ్మకము లేదు, తనతో తక్కినవానిని గూడ దీసికొనిపోవచ్చును. 43,000 రూపాయల సరకును 1,500 రూపాయల డబ్బాకు అప్పగించుట యెట్లు?

ఎంత శక్తిగలది కావలెనో లెక్క కట్టుట కష్టము గాదు. ఆ ప్రాసెసరు మిక్కిలి శ్రమపడినప్పుడు 117 వాట్లు, 4060 కార్డు 115 వాట్లు, తక్కినవన్నియు గలిపి ఏబది అఱువది. మొత్తము 300 వాట్లకు లోపల. దానికి 550 వాట్ల పవర్ సప్లై నిబ్బరముగా సరిపోవును; కార్డు చేసినవారు చెప్పునదియు నంతే. 850, 1000 అని పెద్ద యంకెలు చూచి మోసపోవలదు. పేరులేని డబ్బాలపై ఏ యంకె యైనను అచ్చువేయవచ్చును. ‘80 ప్లస్’ అను గుర్తు 2004 నుండి యున్నది. గోడనుండి తీసికొన్న కరెంటులో నూటికి 80 వంతులకు తగ్గకుండ యంత్రమునకు చేరునని దాని భావము. అనగా 100 వాట్లు చేరవలెనన్న 125 వాట్లకు మించి తీసికొనరాదు. మిగిలినది వేడిగా పోవును. ఈ గుర్తు పొదుపునకే గాని మన్నికకు సాక్ష్యము గాదు. మన్నికకు మేము చూచినది పూచీ కాలము. అయిదేండ్ల పూచీగల దానిని 4,800 రూపాయలకు కొంటిమి.

దీనితో చేరిన మఱియొక సంగతి గలదు. పాత యిండ్లలో మూడు రంధ్రముల ప్లగ్గులు కనబడును గాని మూడవ రంధ్రమునకు భూమితో సంబంధము లేకుండుట తఱచు. అట్టిచోట యంత్రపు ఇనుపపెట్టెను తాకగా చేతికి సన్నగా జుమ్మను. “అది మామూలే” యని కొందఱు చెప్పుదురు. మామూలు గాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తు వేయింపవలెను. మా హాలులో నట్లే యుండెను. ఇన్నేండ్లు టెలివిజనును గూడ నట్లే వాడుకొంటిమని తలచుకొన్న భయము వేయుచున్నది.

పెట్టె విషయమున పిల్లలు రంగుదీపములను జూతురు. మనము చూడవలసినవి గాలి, కొలత. మా టెలివిజను బల్ల గూడు లోతు దర్జీ టేపుతో కొలువగా 35 సెంటీమీటర్లు వచ్చినది. మేము మెచ్చిన పెట్టె 40. పట్టినను తలుపులు మూసిన కొయ్యగూటిలో, మే నెలలో బయట 42 డిగ్రీల వేడి యుండగా, యంత్ర మెట్లు బ్రదుకును? అందుచేత బల్లప్రక్కన నేలకు జానెడెత్తున పీట వేసి నిలిపితిమి. ముందుభాగమున జల్లి గలిగి, దుమ్ము పట్టు వలను విడదీసి కడుగ వీలైనది మేలు. పంకాలు చిన్నవైనచో వేగముగా దిరిగి రొద చేయును. 120 మిల్లీమీటర్లవి మెల్లగా దిరుగుచు నంత గాలియే యిచ్చును. హాలులో నుండు యంత్రమునకు నిశ్శబ్దము ముఖ్యము.

ర్యామ్ 16 జీబీ యొక్క పలకగా గాక 8 చొప్పున రెండు పలకలుగా కొనిన వేగము హెచ్చు. డీడీఆర్4, డీడీఆర్5 అని రెండు జాతులు గలవు. ఒకదాని గాడిలో నొకటి పట్టదు. మదర్‌బోర్డు కొనునప్పుడే యిది చూడవలెను. ఆటలలో కొన్ని 100 జీబీలకు పైబడి చోటు పట్టును గనుక 1 టీబీ ఎస్.ఎస్.డి. వానికి విడిచి, ఫొటోలకును పెండ్లి వీడియోలకును 2 టీబీల హార్డు డిస్కు వేఱుగా కొంటిమి. దాని వేగము తక్కువ, ఫొటోలకు వేగ మెందుకు? వానికి కావలసినది రెండవ ప్రతి. దానిని మఱియొక డిస్కుపై మా తమ్ముని యింట నుంచితిమి.

చందా కట్టి చిత్రములు చూచుటకే కంప్యూటరు కొనదలచినవా రీ ఖర్చు మానుకొనవచ్చును. ఆ సంస్థలలో కొన్ని తమ 4కె బొమ్మను టెలివిజనులోని యాప్‌కు సులభముగా నిచ్చును గాని కంప్యూటరునకు నానా నిబంధనలు పెట్టును. మా సొంత వీడియోలు, అత్తగారి పాత చిత్రములు, పిల్లవాని యాటలు అను మూడును గలిసినందుననే మాకీ ఖర్చు దండుగ యనిపింపలేదు.

సికిందరాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నపట్టణములో రిచీ వీథి యిట్టి సరకునకు పేరుపడినవి. ఎచ్చట కొన్నను బిల్లు లేకుండ తగ్గించి యిత్తుమను మాటకు లోబడరాదు. 18 వంతుల పన్ను మిగులును గాని పూచీ పోవును. బిల్లుపై ప్రతి భాగపు వరుస సంఖ్యను వ్రాయించుకొనవలెను.

ఆ సంవత్సరము డిసెంబరులో రెండవ చీటీ వచ్చినది, కార్డు వచ్చినది. దానిని మా చిన్నవాడు, ముందుగా ఇనుపపెట్టెను తాకి చేతి విద్యుత్తును పోగొట్టుకొని, తానే బిగించెను. మఱల తెరపై చీకటి! ఈమాఱు ఎవరును కంగారుపడలేదు. హెచ్.డి.ఎం.ఐ. తీగ పాతచోటనే మదర్‌బోర్డునకు దగిలించి యున్నది. దానిని తీసి కార్డునకు దగిలింపగా బొమ్మ వచ్చినది. సాయంకాలము మొదటి గంట యిప్పటికిని అత్తగారిదే. పంకా చప్పుడు వినబడకపోవుటచే, యంత్రము పనిచేయుచున్నదా లేదా యని యామె నడుమ నడుమ పెట్టెపై చేయి పెట్టి చూచుచుందురు.