వెంట్రుకలపై లేసరు కాంతి

భద్రాచలములో మ్రొక్కు చెల్లించి తల నీలాలు సమర్పించిన పిల్లవానికి మూడు నాలుగు వారములలో తలపై మరల నల్లగా జుట్టు మొలచును. ఏడాది తిరుగునప్పటికి దువ్వవలసినంత పెరుగును. మంగలికత్తి చర్మమునకు పైనున్న భాగమును మాత్రమే తీసివేయగలదు. ఆ భాగము ప్రాణము లేనిది. గోరువలెనే కెరాటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. ప్రాణమున్న భాగము చర్మము క్రింద కొన్ని మిల్లీమీటరుల లోతున, చిన్న సంచివంటి కూపములో నున్నది. పైన కత్తి ఆడిన సంగతి దానికి తెలియదు. గొరిగినకొలది జుట్టు దట్టమగునను నమ్మకము పల్లెలలోను పట్టణములలోను సమానముగ వ్యాపించియున్నది గాని, అది నిజము కాదు. తెగిన వెంట్రుక కొన మొద్దుగా నుండుటచే చేతికి గరుకుగా తగులును, అంతే.

కాబట్టి వెంట్రుకను మరల మొలవకుండ చేయదలచినచో కూపమును చేరవలెను. దారముతో పెరుకుట, మైనముతో లాగుట, పసుపును శనగపిండిని కలిపి నలుగు పెట్టుట — ఇవి వెంట్రుకను ఊడబెరుకునే గాని కూపమును చంపవు. కాంతితో కూపమును దెబ్బతీయు లేసరు పద్ధతి నేడు ఖమ్మము వంటి పట్టణములకు వచ్చినది. ఫోనులలోని ప్రకటనల మూలమున దాని పేరు భద్రాచలము అడవి అంచు గ్రామములకు సైతము చేరినది. నొప్పి లేదు, ఒక్కసారితో సరి, శాశ్వతము అని ఆ ప్రకటనలు చెప్పు మూడు మాటలలో ఏదియు పూర్తిగ నిజము కాదు. నిజముగ ఏమి జరుగునో తెలియవలెనన్న ముందొక ప్రశ్నకు సమాధానము కావలెను: ఇది వెంట్రుక, ఇది చర్మము అని కాంతికి ఎట్లు తెలియును?

మే నెల మధ్యాహ్నము కొత్తగూడెములో తారురోడ్డుపై వట్టికాలు మోపినవాడు వెంటనే తీయును. ప్రక్కనే సున్నము వేసిన అరుగుపై కొంతసేపు నిలువవచ్చును. రెండింటిపైబడిన ఎండ ఒక్కటే. నలుపు కాంతిని మ్రింగి వేడిగా మార్చును. తెలుపు త్రిప్పి పంపును. లేసరు వైద్యమునకు మూలమైన భౌతికశాస్త్రము ఇంతమాత్రమే. వెంట్రుకకు నలుపునిచ్చు పదార్థము మెలనిను. కాంతి చర్మమును దాటి వెంట్రుక మూలమును చేరగా, అచ్చటి మెలనిను దానిని మ్రింగి కాగును. ఆ వేడి ప్రక్కనున్న జీవకణములకు ప్రాకి, క్రొత్త వెంట్రుకను పుట్టించు శక్తిని చెరచును. నెరసిన వెంట్రుకలో మెలనిను లేదు, లేత నూగులో మిక్కిలి తక్కువ. కావున తెల్లవెంట్రుకలపై లేసరు ప్రయోగించుట డబ్బు దండుగ.

ఇట్టి కాంతి సాధ్యమని 1917లో ఐన్‌స్టైను సిద్ధాంతరీత్యా సూచించెను. 1960 మే నెలలో అమెరికాలో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికముతో మొదటి లేసరును వెలిగించెను. సూర్యకాంతి యందు పెక్కు రంగులు కలసియుండును. లేసరు కాంతి ఒకే తరంగదైర్ఘ్యము గలది. మైమన్ కెంపుకాంతి తరంగదైర్ఘ్యము 694 నానోమీటరులు. (మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు ఒక నానోమీటరు.) తగిన తరంగదైర్ఘ్యమును, తగినంత కాలమును ఎన్నుకొన్నచో, చుట్టుప్రక్కల కాలకుండ, కోరిన కణములను మాత్రమే వేడిచేయవచ్చునని 1983లో ఆండర్సన్, పారిష్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1996లో ఆండర్సన్ మరికొందరితో కలసి, కెంపు లేసరు వెంట్రుక కూపములను దెబ్బతీయునని ప్రకటించెను.

ఇక్కడ కొందరికి ఒక భయము కలుగును. 1896లో వియన్నాలో ఫ్రాయిండ్ అను వైద్యుడు ఒక బాలిక వీపుపైనున్న రోమములను ఎక్స్ కిరణములతో రాల్చెను. ఆ తరువాత కొన్ని దశాబ్దములు పాశ్చాత్యదేశములలో ఎక్స్ కిరణములతో వెంట్రుకలు తీయించుకొన్న స్త్రీలలో పెక్కుమందికి పుండ్లును, క్యాన్సరును వచ్చినవి. లేసరు ఆ జాతికి చెందినది కాదు. అది కంటికి కనబడు ఎరుపునకును, దానికి ప్రక్కనున్న పరారుణమునకును చెందిన కాంతి; కణములలోని పరమాణువులను చీల్చు శక్తి దానికి లేదు. దాని వలన కలుగు హాని వేడి వలన కలుగు హానియే. అయితే ఆ హానిని తక్కువగా అంచనా వేయరాదు.

ఏలయన, మెలనిను వెంట్రుకకే పరిమితము కాదు. చర్మపు పైపొరలోను అదే మెలనిను కలదు. కాంతి వెంట్రుక మూలమును చేరవలెనన్న ముందీ పొరను దాటవలెను. వెంట్రుకలోని నలుపు, చర్మములోని నలుపు కాంతికి ఒక్కటే. తెల్లని చర్మము, నల్లని వెంట్రుక గలవారిలో చిక్కు లేదు. 1975లో ఫిట్స్‌పాట్రిక్ అను వైద్యుడు ఎండకు చర్మము మారు తీరును బట్టి మొదలుపెట్టిన వర్గీకరణము నేడు ఆరు తరగతులుగ వాడుకలో నున్నది. తెలుగువారు చాలవరకు నాలుగు, ఐదవ తరగతులలోనికి వత్తురు. గోదావరి ఒడ్డున ఎండలో పనిచేయు కోయలు, రైతుకూలీలు పెక్కుమంది ఐదు, ఆరవ తరగతులవారు. కెంపుకాంతి ఇట్టివారి పైచర్మమునే కాల్చి అక్కడనే ఆగిపోవును.

దీనికి శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయములు మూడు. తరంగదైర్ఘ్యము పెరిగినకొలది మెలనిను కాంతిని మ్రింగుట తగ్గును, కాంతి మరింత లోతునకు దిగును. అందుచే నలుపు చర్మమునకు 1064 నానోమీటరుల నియోడిమియము-యాగ్ లేసరు మేలైనది. దీనిని 1964లో బెల్ ప్రయోగశాలలలో నిర్మించిరి. (శస్త్రచికిత్సలో వాడు కార్బన్ డయాక్సైడు లేసరును మన దేశమున పుట్టిన కుమార్ పటేల్ కనిపెట్టినది కూడ ఆ యేడే, ఆ సంస్థలోనే.) దాదాపు 800 నానోమీటరుల డయోడు లేసరును కూడ చామనచాయవారిపై జాగ్రత్తగా వాడుదురు. 755 నానోమీటరుల అలెగ్జాండ్రైటు ముఖ్యముగ తెల్లనివారికి తగినది.

రెండవ ఉపాయము కాలమునకు సంబంధించినది. చెంచాలోని పాలు ఊదినంతనే చల్లారును. కుండెడు పాలు చాలసేపు వేడిగానుండును. అట్లే చర్మపు పైపొర పలుచనిదగుటచే కొద్ది మిల్లీసెకనులలో చల్లారును. లావుగానున్న వెంట్రుకకూపము చల్లారుటకు పదుల మిల్లీసెకనులు పట్టును. కాంతిని ఒక్క దెబ్బగా గాక కొంత సాగదీసి పంపినచో, పైపొర ఎప్పటి వేడిని అప్పుడు విడుచుకొనును, కూపము మాత్రము వేడిని పోగుచేసికొనును. మూడవది, పైచర్మమును చల్లని గాలితోగాని, చల్లని నీలమణి పలకతోగాని చల్లార్చుచుండుట.

అందువలన వైద్యుని కడకు పోయినవారు యంత్రము పేరుకంటె దాని తరంగదైర్ఘ్యమును అడుగుట మేలు. పలురంగుల కాంతిని ఒక్కసారిగ మెరపించు యంత్రములను కూడ కొందరు లేసరు అని పిలుతురు. అవి లేసరులు కావు. నల్లనివారి చర్మము వాటితో కాలుట సులభము. పచ్చబొట్టు ఇంకొక ప్రమాదము. కోయ స్త్రీలలోను, ఇతర గ్రామీణులలోను నుదుట, చుబుకమున, చేతులపై పచ్చబొట్లు కలవు. వాటిలోని నల్లని మసి ఏ తరంగదైర్ఘ్యమునైనను మ్రింగును. పచ్చబొట్టు మీదుగ లేసరు పోనిచ్చినచో బొబ్బలెక్కును. దానిని కప్పివేసి, దూరముగ వదలి చికిత్స చేయవలెను.

చికిత్సకు నాలుగు వారముల ముందునుండి వెంట్రుకలను దారముతోగాని మైనముతోగాని పెరుకరాదు. మూలము లేనిచోట కాంతికి పట్టుకొమ్మ లేదు. గొరుగవచ్చును. గొరిగియే పోవలెను కూడ, పైన పొడుగాటి వెంట్రుకలున్నచో అవే కాలి చర్మమును కాల్చును. గర్భిణులకు ఈ చికిత్స చేయరు. వాడుచున్న మందులన్నిటిని వైద్యునికి చెప్పవలెను. మొదటి దినమున చిన్నచోట ప్రయోగించి, చర్మము ఎట్లున్నదో చూచిన తరువాతనే తక్కిన భాగమునకు పూనుకొందురు. 1064 నానోమీటరుల కాంతి కంటికి కనబడదు. కనబడకనే కనుపాప దాటి లోపలి తెరను కాల్చగలదు. కావున రోగికి, వైద్యునికి, గదిలోనున్న ప్రతివారికిని కండ్లద్దములు ఉండవలెను. కనురెప్పల దగ్గర, కనుబొమల క్రింద ఈ చికిత్స చేయరు.

ప్రతి మెరుపునకును రబ్బరు పట్టీని లాగి విడిచినట్లు చురుక్కుమనును. కాలిన వెంట్రుక వాసన వచ్చును. తరువాత ప్రతి కూపము చుట్టును చిన్న వాపు, ఎరుపు కనబడును. ఇది కాంతి గురిని తాకిన గుర్తు. కొన్ని గంటలలో లేదా ఒకటి రెండు దినములలో పోవును. బొబ్బ లేచుట, చర్మము బూడిదరంగునకు తిరుగుట మాత్రము ప్రమాదసూచనలు. తరువాతి రెండు మూడు వారములు వెంట్రుకలు పెరుగుచున్నట్లే కనబడును. డబ్బు పోయినదని చాలమంది అప్పుడే దిగులుపడుదురు. కాని అవి పెరుగుట కాదు, చచ్చిన వెంట్రుకలు బయటికి నెట్టబడి రాలుట.

ఒక్కసారితో ఏల సరిపోదో రైతుకు సులభముగ బోధపడును. మొదటి వాన తరువాత కలుపు తీసిన చేనులో రెండవ వానకు మరల కలుపు మొలచును; తీసినది మొలచిన గింజను మాత్రమే గదా! వెంట్రుకకును పెరుగుదశ, కుంగుదశ, విశ్రాంతిదశ అని మూడు దశలు కలవు. పెరుగుదశలో మాత్రమే నల్లని వెంట్రుక జీవకణములను అంటిపెట్టుకొనియుండును. లేసరు దెబ్బ అప్పుడే గట్టిగ తగులును. తలపై నూటికి ఎనుబదియైదుకు పైగా వెంట్రుకలు ఎప్పుడును పెరుగుదశలోనుండును గాని, కాళ్లపై, చేతులపై నుండునవి అందుకు చాల తక్కువ. కావున ముఖమునకు నాలుగు మొదలు ఆరు వారములకు, ఒంటికి ఆరు మొదలు ఎనిమిది వారములకు ఒకమారు చొప్పున ఆరెనిమిది పర్యాయములు పోవలెను.

ఈ లెక్క అడవి అంచున నివసించువారికి చాల ముఖ్యము. ఆరు వారములకొకటిగ ఆరు పర్యాయములకు ముప్పది వారములగును. జూను చివర మొదలుపెట్టినచో జనవరి చివరకు ముగియును. చర్లనుండియో దుమ్ముగూడెమునుండియో గోదావరి దాటి ఖమ్మమునకు ఆరుమార్లు పోయి రావలెను. చార్జీలు, పోయిన కూలి కూడ ఖర్చులోనివే. అంతకన్న పెద్ద చిక్కు ఎండ. ఎండకు చర్మములోని మెలనిను పెరుగును. చికిత్సకు ముందును వెనుకను కొన్ని వారములు ఆ భాగమును ఎండ సోకనీయరాదు. ఏప్రిలు, మే నెలలలో తునికాకు సేకరించువారు, వేసవి ముందు మిరపకోతకు పోవువారు ముఖమును ఎట్లు దాచుకొందురు? కొంగు కప్పుకొనుట, లేపనము రాసికొనుట కొంతవరకే. అట్టివారికి ఆ నెలలలో చికిత్స వలదనుటయే న్యాయము. బట్టచాటున నుండు భాగములకు ఈ చిక్కు తక్కువ.

కాలిన చర్మము మానిన తరువాత నల్లమచ్చ మిగులుట మనవంటి చర్మములో సాధారణము. అది నెలలు పట్టినను చాలవరకు పోవును. తెల్లమచ్చ పడినచో పోవుట ఇంకను ఆలస్యము. మరియొక విపరీతము కూడ కలదు: కొద్దిమందిలో చికిత్స చేసినచోటనో, దాని అంచుననో నూగు ముదిరి నల్లని వెంట్రుకలగును. ఇది ముఖమున, మెడపై, ముఖ్యముగ నల్లని చర్మము గల స్త్రీలలో కనబడినది.

శాశ్వతము అను మాటకు అమెరికా ఔషధనియంత్రణ సంస్థ ఇచ్చిన అర్థము గమనింపదగినది. వెంట్రుకలు లేకుండ పోవుట కాదు. వాటి సంఖ్య చాలకాలము తగ్గియుండుట. మిగిలినవి సన్నబడును. ఏటికి ఒకటి రెండుమార్లు మరల పోవలసి రావచ్చును. భారత చర్మవైద్యుల సంఘము 2008లో ప్రకటించిన మార్గదర్శకములు కూడ దీనిని వెంట్రుకల తగ్గింపు అనియే పేర్కొన్నవి.

ఉన్నతపాఠశాలలో చదువు బాలికకు పైపెదవిపైనను, చుబుకముపైనను వెంట్రుకలు వచ్చినప్పుడు తోటివారు చేయు పరిహాసము చిన్నది కాదు. దానికి జడిసి బడి మానువారుందురు. కొంత నూగు సహజమే. కాని వెంట్రుకలు ముదురుట, బహిష్టు నెలల తరబడి తప్పుట, మొటిమలు, బరువు పెరుగుట ఇవన్నియు కలసి వచ్చినచో అండాశయములలో నీటిబుడగల జబ్బు అని వాడుకలో పిలుచు హార్మోనుల లోపము ఉండవచ్చును. గొంతు బొంగురుపోయి, వెంట్రుకలు కొద్దినెలలలోనే దట్టముగ వచ్చినచో ఆలస్యము చేయరాదు. మూలకారణమును విడిచి లేసరు చేయించినచో, హార్మోను క్రొత్త వెంట్రుకలను మొలిపించుచునే యుండును. కొత్తగూడెములో 2022లోను, ఖమ్మములో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. రక్తపరీక్షలకు హైదరాబాదు పోవలసిన అవసరము తగ్గినది.

ఉపాధ్యాయులు అడుగవలసిన మరొక ప్రశ్న కలదు: ఆ బాలిక తెల్లబడుటకై ముఖమునకు ఏదైన రాయుచున్నదా? మందుల దుకాణములో చవకగా దొరకు కొన్ని గొట్టములలో స్టీరాయిడు మందు ఉండును. మొదట ముఖము తేటగ కనబడును. నెలలు గడచినకొలది చర్మము పలుచనై, ఎఱ్ఱబడి, వెంట్రుకలు మొలచును. 2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి లేపనములు కొన్నిటిని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్ణయించినది. చాలకాలము రాసినదానిని ఒక్కసారిగ మానినను ముఖము మండి వాచును కావున, ఆ గొట్టమును వెంట తీసికొనిపోయి వైద్యునికి చూపి, ఆయన చెప్పిన క్రమమున తగ్గించుకొనవలెను. అట్లు మానిన తరువాత ఆ వెంట్రుకలు కొన్ని నెలలలో చాలవరకు వాటంతట అవియే తగ్గును. లేసరు మాట అప్పుడు తలపెట్టవచ్చును.