జాఫర్ (రజి) పిల్లలు: యుద్ధం మిగిల్చిన పసివారి పట్ల మన బాధ్యత

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! హిజ్రీ 8వ సంవత్సరంలో జరిగిన మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ బిన్ అబూతాలిబ్ (రజి) షహీదయ్యారు. ఆ సమాచారంతో దైవప్రవక్త (సఅసం) వారి ఇంటికి వెళ్ళారు. హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) అప్పటికే రొట్టెల పిండి కలిపి, పిల్లలకు స్నానం చేయించి, నూనె రాసి ఉంచారు. భర్త మరణవార్త ఆమెకింకా తెలియదు. దైవప్రవక్త పిల్లలను పిలిపించుకొని, దగ్గరకు తీసుకున్నారు. ఆయన కళ్ళు అశ్రుపూరితమయ్యాయి. దుఃఖంలో ఉన్న ఆ ఇంటివారికి భోజనం వండి పంపమని ఆదేశించారు.

మూడు రోజుల తరువాత ఆయన మళ్ళీ వచ్చి, తన సోదరుని పిల్లలను తీసుకురమ్మన్నారు. అప్పుడు తాము పక్షి పిల్లల్లా ఉన్నామని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) పెద్దయ్యాక గుర్తు చేసుకున్నారు. దైవప్రవక్త మంగలిని పిలిపించి వారికి క్షౌరం చేయించారు. ఒక్కొక్కరిని గురించి ఎవరి పోలికో చెప్పారు. అబ్దుల్లాహ్ చేసే వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు. పిల్లలు యతీములయ్యారని తల్లి వాపోతే, ఇహపరాలలో తానే వారి సంరక్షకుడినని ధైర్యం చెప్పారు.

మంగలి ప్రస్తావనను మనం సాధారణంగా చదివి దాటిపోతాము. తల్లి శోకంలో ఉన్నందున పిల్లల ఆలనాపాలన కుంటుపడకూడదనే ఆయన అలా చేశారని పండితులు వివరించారు. ఆగిపోయిన ఇల్లు తిరిగి నడవడం ఇటువంటి చిన్న పనులతోనే మొదలవుతుంది.

ఈ సున్నత్‌కు ఏ పరిశోధన సాక్ష్యమూ అవసరం లేదు. అయితే దీనిని నేడు ఎలా ఆచరించాలో తెలుసుకోవడానికి పరిశోధనలు ఉపకరిస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లండన్‌లోని హ్యాంప్‌స్టెడ్‌లో పసిపిల్లల సంరక్షణాలయాలు నడిపిన అనా ఫ్రాయిడ్, డొరోతీ బర్లింగమ్‌లు ఒక విషయం గమనించారు. తల్లి చెంతనే ఉన్న పిల్లలు బాంబుదాడులను సైతం తట్టుకోగలిగారు. వారిని ఎక్కువగా కుంగదీసింది తల్లి నుండి ఎడబాటే.

ముస్లిములు అధిక సంఖ్యాకులైన సియెర్రా లియోన్‌లో 1991 నుండి 2002 వరకు అంతర్యుద్ధం సాగింది. బలవంతంగా ఆయుధం పట్టించబడిన బాలబాలికలతో సహా 500 మందికి పైగా పిల్లల జీవితాలను థెరీసా బెటన్‌కోర్ట్ బృందం 2002 నుండి ఏళ్ళ తరబడి పరిశీలించింది. కుటుంబం, ఇరుగుపొరుగు అక్కున చేర్చుకున్నవారు, చదువు కొనసాగించినవారు మెరుగ్గా కోలుకున్నారు. ఊరివారు వెలివేసి, వేలెత్తి చూపిన పిల్లల మనోవేదన మాత్రం పెరిగింది. అంటే యుద్ధం ముగిశాక కూడా పిల్లవాడిని గాయపరచే శక్తి పొరుగువారి నాలుకకు ఉందన్నమాట!

బోస్నియా యుద్ధానుభవంతో నార్వే, బ్రిటన్ మనస్తత్వవేత్తలు ఒక పద్ధతిని రూపొందించారు. భయానక జ్ఞాపకాలను, ఉలికిపాటును ఎలా అదుపు చేసుకోవాలో పిల్లలకు బృందాలుగా నేర్పుతారు. వైద్యులు చాలని చోట, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కూడా దీనిని నిర్వహించగలరు.

సోదరులారా! ఇది దూరదేశాల మాట మాత్రమే కాదు. మయన్మార్ నుండి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు హైదరాబాద్‌లోని బాలాపూర్ ప్రాంతంలో నివసిస్తున్నాయి. రంజాన్‌లో వారికి సామగ్రి అందజేస్తాము, మంచిదే. కానీ సంచీ చేతికిచ్చి పిల్లవాడిని ఫోటో తీయడం ఎందుకు? తండ్రి ఎలా చనిపోయాడో చెప్పమని అడగడం ఎందుకు? తానుగా చెబితే ఓపికగా వినండి, చెప్పకపోతే వదిలేయండి. మదర్సాలో, బడిలో వారిని మన పిల్లల పక్కనే కూర్చోబెట్టండి. తల్లికి చేతనైన పని చూపించండి, ఎందుకంటే ఆమె నిలబడితేనే బిడ్డ నిలబడతాడు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచే పిల్లవాడికి తావీజుతో సరిపెట్టక, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళే బాధ్యతను జమాఅత్‌లో ఎవరైనా ఒకరు స్వీకరించాలి.

ఓ అల్లాహ్! యుద్ధభూములలో ఈ రాత్రి తల్లి కోసం వెతుకుతున్న ప్రతి బిడ్డకూ నీవే సంరక్షకుడవు కమ్ము. ఆమీన్.