మార్లవాయిలో బెట్టీ సమాధి

మాది భైంసా. ఉట్నూరు దాటి జైనూరు వైపు వెళ్ళడానికి నాకు పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ వైపు టీచరుగా చేస్తున్న మా ఆడబిడ్డ "మార్లవాయి చూడకుండా పోతావా వదినా?" అంటూ లాక్కెళ్ళింది. ఆ గోండు గూడెంలో ఓ ఇంగ్లీషావిడ సమాధి ఉంది. పేరు బెట్టీ ఎలిజబెత్.

గోండులు తరతరాలుగా దున్నుకున్న భూమికి కాగితం లేదు. అటవీశాఖ గీత గీసి, ఇది రిజర్వు ఫారెస్టు, పొమ్మంది. ఆ పోరులోనే 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు చూసి రమ్మన్నది ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను. ఆయనతో మార్లవాయి గుడిసెలో కాపురం పెట్టింది బెట్టీ. మనకి ఒక్క పూట కరెంటు పోతేనే ప్రాణం మీదికొస్తుంది కదా! తర్వాత ఈశాన్య సరిహద్దులో సుబన్‌సిరి కొండలు చూడబోయినప్పుడూ భర్త వెంటే ఉంది.

ఆయన నివేదికల తర్వాతే ఎన్నో గోండు కుటుంబాలకు పట్టాలొచ్చాయి. 1943లో మార్లవాయిలోనే గోండు పంతుళ్ళ శిక్షణ మొదలైంది. పుస్తకాల అట్టల మీద మాత్రం ఎక్కువగా ఆయన పేరే! నాకు అదే కాస్త గుచ్చుకుంది.

1987లో హైదరాబాదులో ఆమె కన్నుమూస్తే ఇక్కడికే తెచ్చి ఖననం చేశారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలు 2012లో ఆమె పక్కకు చేరాయి.

మా ఆడబిడ్డ సమాధి దగ్గర మొలిచిన గడ్డి నాలుగు పరకలు పీకి, "పద వదినా, బస్సు పోతుంది" అంది.