మెట్ల దగ్గర అడిగితే ఊరి లెక్క తేలుతుందా?

తిరుత్తణి: ఈ ఊళ్లో తెలుగువాళ్లు ఎంతమంది? కొండ కింద టీ కొట్టు దగ్గర అడిగి చూడండి. ‘సగం మనోళ్లే’ అంటారొకరు. ‘ఎక్కడున్నారప్పా, అంతా కలిసిపోయారు’ అంటారు ఇంకొకరు. ఇల్లిల్లూ తిరిగి చెప్పినవారు ఇద్దరిలో ఎవరూ కాదు.

ఈ లెక్క మీదే ఒకప్పుడు ఊళ్లు రాష్ట్రం మారాయి. పటాస్కర్ తీర్పులో గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని ఏ భాషవారు ఎక్కువో చూశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధిక భాగం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఇప్పుడు సరిహద్దు మారేది లేదు. లెక్కతో పని మాత్రం తీరలేదు. భాషా అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉన్న చోట ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోనూ ఇవ్వాలని 1961లోనే అనుకున్నారు. అమలు సంగతి వేరే కథ. అర్జీ పెట్టాలన్నా చేతిలో ఒక అంకె ఉండాలి కదా! 2021లో జరగాల్సిన జనగణనేమో వాయిదా పడింది.

ఆడికృత్తిక నాడు గుడి మెట్ల దగ్గర నిలబడి అడిగితే వచ్చేది యాత్రికుల లెక్క. తెలిసినవాళ్ల ఇళ్లకే వెళితే నూటికి నూరూ తెలుగే. అంటే ఇంటిని ఎంచే పని మన చేతిలో ఉండకూడదు. అందుకే రాండమ్ నంబర్ల పట్టిక. 0 నుంచి 9 దాకా అంకెలు ఏ వరసా లేకుండా పరిచిన పేజీలవి. 1927లో ఇంగ్లండులో టిప్పెట్ 41,600 అంకెలతో ఇలాంటి పట్టిక అచ్చు వేశారు. ఆ అంకెలు తీసుకున్నదీ జనగణన నివేదికల్లోంచే!

వాడడం తేలికే. వీధిలో 80 ఇళ్లుంటే 01 నుంచి 80 దాకా నంబర్లు వేయాలి. మేడ మీది అద్దె వాటానూ వదలకూడదు. కళ్లు మూసుకుని పట్టికలో ఒకచోట పెన్సిలు పెట్టి, అక్కడి నుంచి రెండేసి అంకెలు చదవాలి. 39, 07, 88, 62, 07, 14, 00, 51 వచ్చాయనుకోండి. 88, 00 నంబర్ల ఇళ్లు లేవు, 07 రెండోసారి వచ్చింది. వాటిని వదిలేస్తే 39, 7, 62, 14, 51 మిగిలాయి. కావలసినన్ని వచ్చేదాకా ఇంతే. 840 ఇళ్లుంటే మూడేసి అంకెలు చదవాలి. చీట్లు వేసి లక్కీడిప్ తీసినా తప్పు లేదు గానీ, వందల చీట్లు బాగా కలపడమే కష్టం.

అసలు చిక్కు తాళం దగ్గర వస్తుంది. 62వ ఇంటికి తాళం. పక్కింటి పెద్దమ్మ ‘రా నాయనా, నన్నడుగు’ అంటుంది. అడగకూడదు. పొద్దున్నే లోకల్ రైలెక్కి తిరువళ్లూరు, చెన్నై వెళ్లేవాళ్లు చీకటిపడితే గానీ దొరకరు. వాళ్లను వదిలేస్తే ఇంటిపట్టున ఉండే పెద్దవాళ్ల లెక్కే మిగులుతుంది. కాబట్టి 62వ ఇంటికే రాత్రి ఏడు దాటాక ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్లాలి.

ఇంత చేసినా వచ్చేది అంచనాయే. 400 ఇళ్లు అడిగితే 15 శాతం తేలిందనుకోండి. అసలు సంఖ్య దాదాపు 11.5 నుంచి 18.5 మధ్య ఉండొచ్చు. అడిగింది 40 ఇళ్లే అయితే 4 కావచ్చు, 26 కావచ్చు. తిరువళ్లూరు కలెక్టరేటుకు అర్జీ తీసుకెళ్లేవారు శాతం పక్కనే ఎన్ని ఇళ్లు అడిగారో, ఎన్నింటికి చివరిదాకా తాళమే ఉందో కూడా రాసి ఇస్తే మేలు.