పెట్టెలోని కచేరి

మార్కాపురము పలకల యూరు. పలకరాతిని పొరలుపొరలుగా చీల్చి, చెక్క చట్రములు బిగించి, బిడ్డలు అక్షరములు దిద్దుకొనుటకు దేశమంతటికి పంపిన యూరిది. పలకమీది వ్రాత యెంత చక్కనిదైనను తడిగుడ్డ తగిలినంతనే పోవును. కచేరియు నట్టిదే. విద్వాంసుడు ఆ పూట మనసునకు తోచిన రీతిగా రాగమును పెంచి, సభ ముగియగానే లేచిపోవును. ఆ రాగము మరల అట్లే రాదు. ఈ రీతిగా తుడిచిపోవలసిన కచేరి యొకటి పెట్టెలో భద్రమై మా యింటికి వచ్చినది. దానిని విన్న ముచ్చటను సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ పెట్టెలో ఆరు సీడీలున్నవి. మైల్స్ డేవిస్ అను ఆఫ్రికా సంతతి అమెరికా విద్వాంసుడు ట్రంపెట్ వాయించుటలో లోకప్రసిద్ధుడు. ఆయన తన బృందముతో 1970 డిసెంబరు 16 మొదలు 19 వరకు వాషింగ్టన్ నగరమందలి ‘సెల్లార్ డోర్’ అను చిన్న శాలలో కచేరులు చేసెను. వానిని అప్పుడే టేపులమీద పట్టిరి. కాని 1971లో ‘లైవ్-ఈవిల్’ అను సంపుటమును వెలువరించునపుడు అందుండి కొన్ని భాగములను మాత్రమే కత్తిరించి, అతికి వాడుకొనిరి. తుదకు 2005లో ఆరు విడతల వాద్యమును, విడత కొక సీడీ చొప్పున, ఈ పెట్టెలో నుంచిరి.

మా చెల్లెలి కుమారుడు బెంగుళూరునుండి సెలవులకు వచ్చి, “పెద్దమ్మా, తొందరపడకుండా విను” అని దీనిని నాకిచ్చి పోయినాడు. మొదటిసారి పెట్టగానే మా అత్తగారు వంటయింటినుండి వచ్చి, “ఏమ్మా, మిక్సీలో రాయేమన్నా పడిందా?” అని యడిగినారు. నవ్వితిని గాని, నాకును అట్లే తోచినది. పావుగంటకే ఆపివేసితిని.

పిమ్మట నొకనాడు తిరునాళ్ల సంగతి జ్ఞప్తికి వచ్చినది. మన చెన్నకేశవస్వామి యుత్సవములలో డోలు ప్రక్కనే నిలిచిన చెవులు గింగురుమనును. నాలుగు బారలు దూరము జరిగిన నాగస్వరపు తీపి తెలియును. దోషము వాద్యమునది కాదు, మనము నిలిచిన చోటుది. కావున రాత్రి వంటయిల్లు సర్దిన పిమ్మట, ధ్వని బాగుగా తగ్గించి, రోజున కొక సీడీ చొప్పున ఆరు రాత్రులు వినవలెనని నిశ్చయించుకొంటిని.

ఈ సంగీతమునకు ‘జాజ్ ఫ్యూజన్’ అని పేరు. జాజ్ అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున, బానిసత్వము ననుభవించిన ఆఫ్రికా సంతతివారి నడుమ పుట్టినది. అందు రచన చిన్నది, వాయించువాని మనోధర్మము పెద్దది. మనవారు సాహిత్యములోని యొక పంక్తిని పట్టుకొని నెరవు చేసి, స్వరకల్పన చేయునట్లే, వారును చిన్న వరుస నొకదానిని పట్టుకొని వంతులవారీగా పెంచుదురు. 1960ల తుదిభాగమున కొందరు దానికి విద్యుద్వాద్యములను, రాక్ సంగీతపు బలమైన నడకను చేర్చిరి. ఆ కలయికయే ఫ్యూజన్.

విద్యుత్తు గిటారులో ఉక్కుతీగల క్రింద అయస్కాంతమును, రాగితీగ చుట్టను అమర్చుదురు. తీగ కంపించినపుడు ఆ చుట్టలో సన్నని విద్యుత్తు పుట్టును. దానిని పెంచి స్పీకరు ద్వారా ధ్వనిగా మార్చుదురు. మైల్స్ డేవిస్ తన ట్రంపెటు ధ్వనిని సైతము కాలితో నొక్కు ‘వా-వా’ పెడలు గుండ నడిపించెను. అందుచే అది యొకపరి పసిబిడ్డ యేడ్పువలెను, ఒకపరి కోపించిన మనిషి గొంతువలెను వినబడును.

మొదటి రాత్రి జాక్ డిజానెట్ డ్రమ్ములను మాత్రమే వెంబడించితిని. రెండవ రాత్రి కీత్ జారెట్. ఈయన యొకచేత విద్యుత్తు పియానోను, మరియొకచేత ఆర్గనును వాయించును. ఒక పొయ్యిమీద పులుసు, ఒక పొయ్యిమీద పాలు పెట్టి రెంటిని పొంగనీక చూచుకొను మనకు ఆ నేర్పు వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవ రాత్రి నా మనసు మైకేల్ హెండర్సన్ యొద్ద నిలిచినది. అప్పటికి ఆతని వయస్సు 19 ఏండ్లు. ఆతడు వాయించునది బేస్ గిటారు. తక్కినవారెల్లరు ఎగురుచుండగా ఆతడు చిన్న వరుస నొకదానిని పట్టుకొని, విడువక నేలవలె నిలిచియుండును. ఆతడు వదలినచో అందరును పడుదురు. వేకువను పాలు కాచుట మొదలు రాత్రి తలుపు గడియ వేయువరకు మనము చేయునదియు నిదియే గదా యని తోచి, నాకు తెలియకయే కన్నులు చెమర్చినవి. ఒక భేదము మాత్రము కలదు. ఆతని పేరు ఆ సంపుటమునందు అచ్చుపడినది.

మరల వినగా ఇంకొక సంగతి తెలిసినది. నిలిపియుంచుట యనగా యంత్రమువలె తిప్పుట కాదు. ఆతడు ఒకచోట ఒక స్వరమును మార్చును, ఒకచోట క్షణకాలము ఆగును, ఎల్లప్పుడును ఇతరులను వినుచుండును. ‘డైరెక్షన్స్’, ‘వాట్ ఐ సే’ అను రచనలు ఈ పెట్టెలో పలుమార్లు వచ్చును. ఏ రెండుమార్లును ఒక్కతీరుగా నుండవు. దినము వండు అన్నమే యైనను పాతబియ్యమునకు ఎసరు వేరు, క్రొత్తబియ్యమునకు వేరు. ఏరికూర్చిన ముక్కలనుగాక ఆరింటిని వరుసగా విన్నచో కలుగు లాభ మిదియే.

అయిదు, ఆరు సీడీలలో, అనగా కడపటి రాత్రి, జాన్ మెక్‌లాఫ్లిన్ అను ఇంగ్లీషు గిటారు విద్వాంసుడు వచ్చి చేరును. ఈయన మనకు పరాయివాడు కాడు. అమెరికాలో ఎస్. రామనాథన్‌గారి యొద్ద వీణ నభ్యసించెను. 1970ల నడుమ వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటము విక్కు వినాయకరామ్ గారలతో ‘శక్తి’ యను బృందమును నడిపెను. ఆ బృందమునకై గిటారు మెట్ల నడుమ కర్రను గుంటగా చెక్కించుకొని, తీగను లాగి గమకములు పలికించెను.

తరువాత ‘రిమెంబర్ శక్తి’ యను పేర ఆ బృందము మరల వెలసినపుడు, అందు చేరి ఆయన ప్రక్కన కూర్చున్నవాడు మన పాలకొల్లు బిడ్డ, మాండొలిన్ శ్రీనివాస్. 1969లో జన్మించిన యీ బాలునికి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు. గురువు మాండొలిన్ వాయించువారు కారు. వారు పాడగా శిష్యుడు దానిని తీగలమీద పలికించెడివాడు. పాశ్చాత్యుల చిన్న వాద్యమును అయిదు తీగల విద్యుద్వాద్యముగా మార్చుకొని, అందు కర్ణాటక గమకములను నిలిపినవాడు ఆయన. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను. 2000లో వచ్చిన ‘ది బిలీవర్’, 2001లో వచ్చిన ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ యనునవి ఆ బృందపు సభలలో పట్టినవే. పెట్టె ఖరీదైనదని, ధ్వని కఠినమని సంకోచించు సోదరీమణులు వీనితో మొదలుపెట్టవచ్చును. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏండ్లకే చెన్నపట్టణమున కన్నుమూసెను. ఆయన సభలలో తుడిచిపోక మిగిలిన దెల్ల ఇట్టి ముద్రణలే.

విను విధమును గూర్చి యొకమాట. పని చేయుచు వినకుడు. ఒక పూట ఒక సీడీ చాలును. మొదట ఒక్క వాద్యమును ఎన్నుకొని దానిని మాత్రమే వెంబడింపుడు. అరగంటసేపు మిమ్ము పిలువవలదని ఇంటివారితో ముందుగా చెప్పుడు. అన్నిటికంటె కష్టమైనది ఈ కడపటిదే.

ఇక నా సంగతి. ఎక్కడి ఇంగ్లీషువాడో వీణను వెదకి నేర్చుకొనగా, పెండ్లికి ముందు ఆరేండ్లు నేర్చిన నేను దానికి గుడ్డ కప్పి అటక యెక్కించితిని. ఎవరును వలదనలేదు, ఎవరును వాయింపుమనియు అనలేదు. ఆరవ రాత్రి గడచిన మరునాడు దింపి చూచితిని. తీగలు తుప్పు పట్టినవి. క్రొత్తవి తెప్పించి బిగించి, సరళీస్వరములనుండి మొదలుపెట్టితిని. వ్రేళ్లు నొచ్చుచున్నవి, చేయి తప్పుచున్నది. మొన్న మా అత్తగారు పూలు కట్టుచు, “నిన్న అక్కడే తప్పితివి, ఈరోజు తప్పలేదు” అన్నారు.

వారు వినుచున్నారని నాకు అప్పుడే తెలిసినది.