కంప్యూటర్ వేగాన్ని గుర్తించడం ఎట్లు?

మన కళాశాల కంప్యూటర్ ప్రయోగశాలకు కొత్త యంత్రాలు కొనవలెనన్న ప్రతిపాదన కమిటీ ముందున్న సంగతి పాఠకులకు తెలిసినదే. కొనుగోలు ఉపసంఘంలో మమ్ము కూడా ఒక సభ్యునిగా చేర్చినారు. తెలుగు పాఠాలు చెప్పుకొనే వారికి ఈ వ్యవహారంతో ఏమి పని అని మిత్రులు పరిహాసమాడినారు. ఆ పరిహాసంలో న్యాయం లేకపోలేదు. అయితే ఈ సంచిక ఉర్దూ పేజీలు, తెలుగు పేజీలు రెండింటినీ కంప్యూటర్ మీద కూర్పించే భారం ఏటేటా మా మీదనే పడుతున్నది. మొరాయించే యంత్రం ముందు రాత్రి పొద్దుపోయేదాక కూర్చున్న వారికి ఆ యంత్రపు గుణగణాలను విచారించే హక్కు కొంత ఉంటుందని మా మనవి.

ఉపసంఘం ముందుకు రెండు కొటేషన్లు వచ్చినవి. మొదటిదానిలో గిగాహెర్ట్జుల అంకె పెద్దది, ధర తక్కువ. రెండవదానిలో అంకె చిన్నది, ధర కొంత ఎక్కువ. "అంకె పెద్దది, ఖర్చు తక్కువ. ఇక ఆలోచన ఎందుకు?" అని ఒక పెద్దలు అడిగినారు. ఆనాడు మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయినాము. తరువాత పుస్తకాలు తిరగవేసి, విజ్ఞులను అడిగి తెలుసుకొన్న సమాధానమే ఈ వ్యాసం.

ప్రాసెసర్‌లో నాడి వంటి ఒక స్పందన నిరంతరం సాగుతూ ఉంటుంది. ప్రతి స్పందనకు లోపలి పని ఒక అడుగు ముందుకు జరుగుతుంది. సెకనుకు నూరు కోట్ల స్పందనలైతే దానిని ఒక గిగాహెర్ట్జ్ అంటారు. 1971లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 4004 అనే మైక్రోప్రాసెసర్‌లో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. అది సెకనుకు గరిష్ఠంగా 7 లక్షల 40 వేల స్పందనలతో పనిచేసేది. 1981లో ఐ.బి.ఎం. వారు వెలువరించిన పర్సనల్ కంప్యూటర్‌కు సెకనుకు 47 లక్షల 70 వేల స్పందనలు. నేడు 500 కోట్లను దాటిన ప్రాసెసర్లు బజారులో దొరుకుతున్నవి. ఈ వృద్ధి చూచినవారు స్పందనల సంఖ్యయే వేగమని అనుకోవడంలో వింత ఏమున్నది?

కాని ఇద్దరు దర్జీలను ఊహించండి. ఒకరు కుట్టుమిషనును నిమిషానికి చాలాసార్లు తొక్కుతారు గాని ఒక్కొక్క తొక్కుడుకు గుడ్డ కొంచెమే జరుగుతుంది. మరొకరు నెమ్మదిగా తొక్కుతారు, తొక్కుడుకు జానెడు గుడ్డ జరుగుతుంది. షేర్వానీ ముందు ఎవరు ఇస్తారన్నది కాళ్లను మాత్రమే చూచి చెప్పలేము. ప్రాసెసర్ విషయమూ అంతే. ఒక పనికి 1,200 కోట్ల ఆదేశాలు అవసరమనుకొందాము. 3.8 గిగాహెర్ట్జుల యంత్రం స్పందనకు సగటున ఒక ఆదేశాన్ని ముగిస్తే ఆ పనికి 3.16 సెకన్లు పడుతుంది. 2.4 గిగాహెర్ట్జుల యంత్రం స్పందనకు రెండేసి ఆదేశాలు ముగిస్తే 2.5 సెకన్లలోనే లేచి నిలబడుతుంది. ఆదేశాలెన్ని, స్పందనకు ఎన్ని ముగుస్తవి, సెకనుకు స్పందనలెన్ని అనే మూడు ప్రశ్నలకు కొటేషన్లలో మూడవదానికి మాత్రమే సమాధానం ఉంటుంది.

ఈ భేదం ఇంటెల్ సంస్థకే ఒకప్పుడు కష్టమైన పాఠమైనది. ఆ కథ కొంత వివరంగా చెప్పదగినది. 2000 నవంబరులో ఆ సంస్థ పెంటియమ్-4 ప్రాసెసర్‌ను 1.4, 1.5 గిగాహెర్ట్జుల వేగాలతో విడుదల చేసినది. స్పందనల సంఖ్య పెంచుటకై ఒక్కొక్క ఆదేశాన్ని అమలుచేసే పనిని 20 దశలుగా ముక్కలు చేసినారు. ముక్క చిన్నదైతే దానికి పట్టే కాలమూ చిన్నదే గదా! ఒక ఆదేశం ఇరవయ్యవ దశలో ఉండగా దాని వెనుకవి పందొమ్మిది వరుసగా నడుస్తుంటవి. చిక్కు ఎక్కడ వచ్చినదంటే, ప్రతి ప్రోగ్రాములోను "ఇట్లైతే ఆ దారి, కాకుంటే ఈ దారి" అనే కూడళ్లు అడుగడుగునా ఉంటవి. ఏ దారి పట్టవలెనో తేలకముందే వెనుక ఆదేశాలు వరుసలోనికి రావలసి ఉన్నది గావున ప్రాసెసర్ దారిని ముందే ఊహిస్తుంది. యతిస్థానం ఎరిగినవాడు పద్యంలో రాబోయే అక్షరాన్ని ఊహించినట్లన్నమాట. ఊహ తరచు ఫలిస్తుంది. తప్పినపుడు మాత్రం వరుసలో ఉన్న పని అంతా పారవేసి మళ్లీ మొదలుపెట్టవలెను. వరుస ఎంత పొడవైతే నష్టం అంత ఎక్కువ. తొలినాళ్లలో కొన్ని పనుల్లో 1 గిగాహెర్ట్జ్ పెంటియమ్-3 తన తమ్ముని దాటిపోవుటకు ఇదొక ముఖ్యకారణం.

పోటీ సంస్థయైన ఏ.ఎం.డి. వారికి మరొక ఇబ్బంది ఎదురైనది. వారి ప్రాసెసర్ తక్కువ స్పందనలతో ఎక్కువ పని చేసేది, కాని కొనేవారు అంకెనే చూచేవారు. అందుచేత 2001లో 1.53 గిగాహెర్ట్జుల అథ్లాన్ ఎక్స్‌పీకి "1800+" అని పేరు పెట్టినారు. కొనుగోలుదారుని అజ్ఞానానికి వారు చేసిన సలామ్ అది! ఇంటెల్ వారు 2004లో దశలను 31కి పెంచినారు. వేడి, విద్యుత్తు ఖర్చు అదుపు తప్పినవి. 4 గిగాహెర్ట్జుల రకాన్ని తెస్తామన్న మాటను అదే సంవత్సరం అక్టోబరులో విరమించుకొన్నారు. ఆ సంస్థ అధినేత క్రెయిగ్ బారెట్ ఒక సభావేదికపై, పరిహాసంగానే గాని, మోకరిల్లి క్షమాపణ చెప్పినారు. 2006 జూలైలో వచ్చిన కోర్-2 డ్యుయో పాత దారి విడిచి తక్కువ దశలతో నిర్మించబడినది. దానిలో 2.4 గిగాహెర్ట్జుల రకం 3.8 గిగాహెర్ట్జుల పెంటియమ్-4ను చాలా పనుల్లో సునాయాసంగా దాటినది.

స్పందనను గురించి ఇంత చెప్పినాక జ్ఞాపకశక్తిని గురించి చెప్పకుంటే విషయం సగమే అవుతుంది. 4 గిగాహెర్ట్జుల ప్రాసెసర్‌లో ఒక స్పందన సెకనులో 400 కోట్లవ వంతు. ఆ వ్యవధిలో కాంతి సైతం ఏడున్నర సెంటీమీటర్లే పోగలదు. ర్యామ్ నుండి ఒక సమాచారం తెచ్చుకొనుటకు సుమారు 80 నానోసెకన్లు పడితే అది 320 స్పందనల కాలం. చేతిలో పని లేక ప్రాసెసర్ అంతసేపూ ఎదురుచూడవలసి రావచ్చును. మేజా మీద ఉన్న నిఘంటువు చూచుటకు క్షణం చాలు, దానికొరకు పొరుగూరి గ్రంథాలయానికి పోవలసి వస్తే పూట గడుస్తుంది. ఆ మేజా వంటిదే ప్రాసెసర్ లోపలి క్యాష్ మెమొరీ. 2022లో ఏ.ఎం.డి. వారు తమ రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్‌కు ఈ క్యాష్‌ను 32 మెగాబైట్ల నుండి 96కు పెంచి, గరిష్ఠ వేగాన్ని 4.7 నుండి 4.5 గిగాహెర్ట్జులకు తగ్గించి, మరొక రకాన్ని విడుదల చేసినారు. అంకె తగ్గినది, అయినా కంప్యూటర్ ఆటల్లో అదే ముందు నిలిచినది. మరికొన్ని పనుల్లో మాత్రం పాతదే కొంచెం మేలు. కనుక "ఏది వేగవంతమైనది?" అని అడిగినవారిని "ఏ పనికి?" అని తిరిగి అడగక తప్పదు.

ఒక ప్రాసెసర్‌లో నాలుగు, ఎనిమిది, పదహారు కోర్లు ఉండుట నేడు సాధారణం. కోర్లు రెట్టింపైతే వేగమూ రెట్టింపేనా? పెళ్లి దావత్‌కు బిర్యానీ వండే చోటికి పోయి చూడండి. ఒక్కరే చేస్తే ఉల్లిగడ్డలు కోయుట, బియ్యం ఏరుట, మాంసం శుభ్రపరచుట తొమ్మిది గంటల పని, దమ్ మీద ఉంచుట ఒక గంట. వెరసి పది గంటలు. తొమ్మిది మంది చేతులు కలిపితే మొదటి భాగం గంటలో ముగిసి మొత్తం రెండు గంటలవుతుంది. తొంబై మంది వస్తే అది ఆరు నిమిషాల్లో ముగుస్తుంది. దమ్ గంట గంటే! మొత్తం 66 నిమిషాలు. పదిరెట్లు మనుషులను పెంచితే వేగం రెట్టింపు కూడా కాలేదు. దేగ్ చుట్టూ తొంబై మంది నిలబడినంత మాత్రాన దమ్ త్వరపడదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన వాదానికి సారం ఇదే. మా పేజీల కూర్పు పని చాలవరకు దమ్ వంటిది. మూడవ పేజీలో ఒక వాక్యం చేరిస్తే నాలుగవది జరుగుతుంది, అది జరిగినగాని ఐదవది తేలదు. నస్తాలీఖ్ లిపిలోనైతే ప్రతి అక్షరమూ ఇరుగుపొరుగులను చూచి రూపం మార్చుకొంటుంది. ఇట్టి పనికి పదహారు కోర్ల కంటె చురుకైన ఒక్క కోరు మేలు.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది చిత్రాల పని. తెర మీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటే మొత్తం 20,73,600. సెకనుకు 60 పర్యాయాలు చిత్రం మారితే 12 కోట్ల 44 లక్షల చుక్కల రంగులు లెక్కగట్టవలెను. అయితే ఒక చుక్క లెక్క చాలవరకు పక్క చుక్క కొరకు ఆగదు. ఇది ఉల్లిగడ్డల కోత! ఒక్క ఉస్తాదుకు బదులు వేలమంది సహాయకులను కూర్చితే అదే గ్రాఫిక్స్ కార్డు. 2006లో వచ్చిన ఎన్‌విడియా జీఫోర్స్ 8800 జీటీఎక్స్‌లో ఇట్టి గణన విభాగాలు 128. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో 3,584. వీటినీ కోర్లనే అంటారు గాని ప్రాసెసర్ కోరుతో ఇవి సమానం కావు. ఎన్.సి.సి. కవాతులో వలె 32 లెక్కలు ఒక జట్టుగా ఒకే ఆదేశాన్ని పాటిస్తవి. జట్టులో సగం కుడికి, సగం ఎడమకు పోవలసి వస్తే ఒక సగం నడిచేవరకు మరొక సగం ఆగవలెను. వేర్వేరు సంస్థల కార్డుల కోర్ల సంఖ్యలను పోల్చుట కూడా వ్యర్థమే, ఎందుకంటే ఎవరి లెక్క వారిది.

వేలమంది కోసేవారు ఉన్నా ఉల్లిగడ్డలు అందించే బండి ఒక్కటే ఐతే ఏమి ప్రయోజనం? కార్డు మీది మెమొరీ ఎంత త్వరగా సమాచారం అందించగలదన్నది అసలు కీలకం. దీనికి చక్కని నిదర్శనం జీటీ 1030 అనే చవక కార్డు. 2017లో వచ్చిన రకం సెకనుకు 48 గిగాబైట్లు అందించేది. 2018లో అదే పేరుతో, వేరొక రకపు మెమొరీతో వచ్చినది 16.8 గిగాబైట్లే అందించగలిగేది. పెట్టె మీద పేరు ఒక్కటే, రెండింటి మెమొరీ సామర్థ్యమూ రెండేసి గిగాబైట్లే. ఆటల్లో మాత్రం రెండవది చాలా వెనుకబడినది. పేద విద్యార్థి కొనగలిగిన తరగతిలోనే ఈ తిరకాసు జరుగుట మాకు బాధ కలిగించినది. కొత్తదెల్ల మేలనుటకూ వీలు లేదు. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 చాలా ఆటల్లో 3060ను మించినది. కాని దాని మెమొరీ 8 గిగాబైట్లు, 3060 ప్రధాన రకానికి 12. ఎనిమిదిలో ఇమడని పని ఇస్తే పాతదే నెగ్గవచ్చును.

ఇక వేడిమి. స్పందన పెంచవలెనంటే సాధారణంగా వోల్టేజీ పెంచవలెను. విద్యుత్తు ఖర్చు వోల్టేజీ వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గత సంవత్సరం మా విద్యార్థి ఒకతను వీడియోల కూర్పు నేర్చుకొనుటకు ల్యాప్‌టాప్ కొన్నాడు. తండ్రి ఆటో నడుపుతారు, వడ్డీకి తెచ్చిన సొమ్ము. దుకాణంవారు కార్డు పేరు చెప్పినారు గాని దానికి ఎన్ని వాట్లు అందుతవో చెప్పలేదు. ల్యాప్‌టాప్‌లకు వచ్చే 4060 కార్డుకే తయారీదారు ఇష్టాన్ని బట్టి 35 వాట్ల నుండి 115 వాట్ల వరకు ఇవ్వవచ్చును. పేరు మారదు, పని మారుతుంది. అతని యంత్రం మొదటి ఐదు నిమిషాలు గుర్రంలా పరుగెత్తి, తరువాత వేడికి తాళలేక తన వేగాన్ని తానే తగ్గించుకొంటున్నది. అతను ఇప్పుడు బల్లపై రెండు ఇటుకలు పెట్టి దానిపై ల్యాప్‌టాప్ ఉంచి పని సాగిస్తున్నాడు. వాట్ల సంగతి ముందే అడగవలెనని మాకైనా అప్పుడు తెలియదు.

వేగాన్ని నిష్పక్షపాతంగా కొలిచేందుకు 1988లో స్పెక్ అనే సంస్థ ఏర్పడినది. కల్పిత లెక్కలకు బదులు నిజమైన ప్రోగ్రాములనే నడిపించి కాలాన్ని కొలుచుట వారి పద్ధతి. ఆ పద్ధతినే మనమూ అనుసరించవచ్చును. కనుక ఆ పెద్దలు అడిగిన ప్రశ్నకు మా సమాధానం ఇది: రెండు కొటేషన్లవారినీ చెరొక యంత్రం తెచ్చి మన ప్రయోగశాలలో ఒక పూట ఉంచమని కోరుదాము. గత సంచిక ఉర్దూ, తెలుగు పేజీలను రెండింటిపై కూర్పించి, విద్యార్థులు రాసిన ప్రోగ్రాములు నడిపించి, గడియారం చూతము. మొదటి ఐదు నిమిషాలు కాక, గది తలుపులు మూసి గంటసేపు నడిచినాక చూతము. చవకదే నెగ్గితే సంతోషమే, మిగిలిన సొమ్ముతో మరొక రెండు యంత్రాలు రావచ్చును.

పాత సంచికల ఫైళ్లు, ప్రోగ్రాములు ఒక పెన్‌డ్రైవులో చేర్చి ఉంచినాము. తేదీ మాత్రం కమిటీ వారు నిర్ణయించవలసి ఉన్నది.